పెద్దాయన కొలతలు

దర్జీ తన బండికి పెట్టుకున్న పేరు పెద్దాయన. పదమూడేళ్ల వయసు, నల్ల రంగు, ఏడుగురు హాయిగా కూర్చునే ఒళ్లు, తోలు సీట్లు. కొత్తలో ఎవరో పెద్ద డాక్టరు మోజుపడి కొన్నాడట. ముగ్గురి చేతులు మారి, చిన్న కారు ధరకి దర్జీ చేతికొచ్చింది. ఇంత చవకేమిటని దర్జీ అడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు. సన్‌రూఫ్ తెరిచి చూపిస్తే అందులోంచి తల బయటపెట్టి వీధి నాలుగు వైపులా చూశాడు. అంతే, పడిపోయాడు.

నిజానికి ఆ డబ్బు ఎంబ్రాయిడరీ మిషన్‌ది. భార్య మూడేళ్లు జాకెట్లు కుట్టి దాచింది. "ముందు బండి కొందాం, ఆర్నెల్లు తిరక్కుండా నీకు మిషన్" అని దర్జీ మాటిచ్చాడు. ఆర్నెల్లలో పెద్దాయన ఆ మిషన్ని మింగి, త్రేన్చి, ఇంకా పెట్టమన్నాడు.

మొదటి వానకే సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టంలో చెత్త ఇరుక్కుని లోపల కార్పెట్లన్నీ నానాయి. తర్వాత ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ కారింది. విరిగిన ప్లాస్టిక్ గొట్టం అరచెయ్యంత లేదు, దాని దగ్గరికి చెయ్యి పోవాలంటే మాత్రం సగం ఇంజిన్ విప్పాలి. ఆ పైన ఏదో సెన్సారు చెడి, అన్ని తలుపులూ వేసి ఉన్నా "తలుపు తెరిచి ఉంది" అంటూ వారం రోజులు గోల పెట్టింది.

దర్జీ బామ్మర్దికి రిపేరు షెడ్డు ఉంది. నోరు కూడా ఉంది.

"బండి ముసలిదైంది గానీ బావా, దాని బిల్లు ముసలిది కాలేదు. సామానుకి ఇవాళ్టికీ కొత్త బండి ధరే."

"కొనేముందు చెప్పి చావొచ్చుగా?"

"చెప్పాను. అప్పుడు నీ తల సన్‌రూఫ్ పైనుంది. వినపడలేదు."

అన్నిటికంటే పెద్ద జబ్బు గాలిది. మామూలు బళ్లకి ఇనప స్ప్రింగులుంటాయి. పెద్దాయన నాలుగు రబ్బరు గాలి సంచుల మీద నిలబడతాడు. రాత్రి నిటారుగా నిలబెడితే, తెల్లారేసరికి ఎడమ ముందుకాలు మడిచి కూర్చునేవాడు. స్టార్ట్ చేస్తే ఆ సంచులకి గాలి కొట్టే కంప్రెసర్ రొప్పుతూ మళ్లీ లేపేది. రొప్పీ రొప్పీ అది కాలిపోయింది. బామ్మర్ది కొత్తది వేశాడు. మర్నాడు పొద్దున పెద్దాయన యథాప్రకారం కూర్చునే ఉన్నాడు.

దర్జీకి ఇంజిన్ తెలీదు, టేపు తెలుసు. రోజూ రాత్రీ పొద్దునా చక్రం మీది రేకు అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, కొలతల పుస్తకంలో పెద్దాయన పేరున ఒక పేజీ తెరిచి రాశాడు. రాత్రి ముప్పై మూడు అంగుళాలు, పొద్దున ముప్పై. నెల తిరిగేసరికి సంగతి తేలింది. చదునుగా ఉన్నచోట ఆపితే దిగడానికి రాత్రంతా పడుతుంది. ఎడమ చక్రం ఏ గట్టు మీదో ఎక్కించి ఆపితే అరగంట చాలు.

"రబ్బరు మడత దగ్గర చీలింది. గట్టెక్కితే ఆ మడత తెరుచుకుంటోంది. గుడ్డైనా చిరిగేది మడత దగ్గరే కదరా" అన్నాడు దర్జీ.

బామ్మర్ది సబ్బునీళ్లు కొట్టి చూశాడు. సరిగ్గా అక్కడే బుడగలొచ్చాయి. "శభాష్ బావా! సూది మాత్రం తీసుకురాకు. ఉన్న చిల్లు చాలు" అన్నాడు. గాలి సంచి ధర కూడా చెప్పాడు. దర్జీ అప్పటికప్పుడు బండి అమ్మేద్దామన్నాడు.

"అమ్మండి. చెప్పి అమ్మండి" అంది భార్య.

"చెబితే కొత్త మిషన్‌కి సరిపడా రాదే. అడిగితే చెప్తాలే."

ఆదివారం పొద్దున అద్దె వ్యాన్లు నడిపే ఆయన బండి చూడ్డానికొచ్చాడు. భారీ మనిషి. బొజ్జ ముందు గుమ్మం దాటింది, మనిషి తర్వాత వచ్చాడు. బండి తనే నడుపుకుంటూ ఊరంతా ఒక చుట్టు చుట్టొచ్చాడు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ కంప్రెసర్ గాలి నింపుతూనే ఉంటుంది కాబట్టి పెద్దాయన పెళ్లికొడుకులా తిరిగొచ్చాడు. తీరా ఆపేటప్పుడు ఆయన ఎడమ ముందు చక్రాన్ని షాపు ముందు కాలవ మీది బండరాయి ఎక్కించి ఆపాడు. తాళం జేబులో వేసుకుని షాపులోకొచ్చాడు.

దర్జీ గోడ గడియారం చూశాడు. అరగంట.

"బండి బాగుంది మాస్టారూ. ఇక రేటు మాట్లాడుకుందామా?" అంటూ ఆయన అద్దాల తలుపుకెదురుగా కుర్చీ లాక్కున్నాడు. తలుపు అవతలే బండి.

"కూర్చోకండి సార్! బండితో పాటు మీకో పంట్లాం కుట్టిస్తా, ఊరికే. ఇలా గుడ్డల బీరువా వైపు తిరిగి నిలబడండి."

"ఇప్పుడు పంట్లామేమిటండీ?"

"మా షాపులో అదో పద్ధతి" అన్నాడు పక్కనే ఉన్న బామ్మర్ది, మొహం గంభీరంగా పెట్టి. "బండి కొన్నవాళ్లని ఉత్త కాళ్లతో పంపం."

ఆయన నవ్వి, తిరిగి నిలబడ్డాడు. ఆ షాపులో దర్జీ కొలిచి పైకి చెబుతాడు, భార్య రాస్తుంది. ఇరవయ్యేళ్ల అలవాటు. దర్జీ వీలైనంత మెల్లగా మొదలుపెట్టాడు.

"పొడుగు నలభై రెండు. సీటు నలభై తొమ్మిది."

ఓరగా బయటికి చూశాడు. పెద్దాయన దిగడం మొదలెట్టాడు. తాళం దొరికితే స్టార్ట్ చేసి లేపుదామని బామ్మర్ది ఆయన జేబు వైపు ఆశగా చూశాడు. ఆయన చెయ్యి ఆ జేబులోనే ఉంది.

"అయితే రేటు..." అన్నాడాయన.

"ఊపిరి బిగబట్టకండి సార్, మామూలుగా ఉండండి." దర్జీ ఆయన బొజ్జ చుట్టూ టేపు వేశాడు. చేతులు బొజ్జ మీదున్నాయి, కళ్లు అద్దం అవతల చక్రం మీదున్నాయి. ఎంత దూరాన్నుంచైనా అరంగుళం తేడా పట్టేసే కళ్లవి.

"నడుం... ముప్పై రెండు" అన్నాడు.

భార్య పెన్ను ఆగింది.

"ముప్పై ఒకటిన్నర... ముప్పై ఒకటి..."

"ఏమండీ," అంది భార్య, "ఆయన నడుమా?"

బామ్మర్ది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భారీ మనిషి కిందికి తన బొజ్జని చూసుకున్నాడు, పైకి దర్జీ మొహం చూశాడు, ఆ చూపు ఎటు పోతోందో చూసి వెనక్కి తిరిగాడు. బండరాయి మీద పెద్దాయన ఒక కాలు మడిచి, దణ్ణం పెడుతున్నట్టు వంగి ఉన్నాడు.

ఆయన బయటికెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమి లేచాడు.

"గాలి సంచి. ముందే తెలుసా?"

"మీరు అడగలేదు..." దర్జీ భార్య వైపు చూసి, మిగతాది మింగేశాడు. "తెలుసండీ. అడక్కపోయినా చెప్పాల్సింది."

భార్య కొలతల పుస్తకం తెచ్చి పెద్దాయన పేజీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన నిలబడే మొత్తం చదివాడు. ఏ రోజు ఎంత దిగింది, గొట్టం ఎప్పుడు మార్చారు, కంప్రెసర్ ఎప్పుడు కొత్తది వేశారు, అన్నీ ఉన్నాయి. వెనక కుడి తలుపు గట్టిగా లాగితేనే పడుతుందన్న సంగతి కూడా.

"ఇంత రాసుకుని నోటితో చెప్పలేకపోయారా మాస్టారూ?" అన్నాడు. "సరే, ఎడమ సంచి ధర తగ్గించండి. కుడిది కూడా అదే వయసు, అదీ తగ్గించండి. ఒప్పుకుంటే ఇప్పుడే తీసుకెళ్తా."

దర్జీ మనసులో లెక్కేశాడు. కొత్త మిషన్ రాదు. మాట ఇచ్చినవాడు కాబట్టి భార్య మొహం చూడలేకపోయాడు. గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇచ్చెయ్యండి," అంది ఆవిడ. "వాడిన మిషనొకటి చూసుకుంటాను. కానీ కొనేది నేను. మీరిద్దరూ రావద్దు."

"నేనేం చేశానక్కా?" అన్నాడు తమ్ముడు.

"కంప్రెసర్ మార్చావు."

భారీ మనిషి డబ్బిచ్చి, పెద్దాయన పేజీ చింపించి తీసుకున్నాడు. పోబోతూ గుమ్మంలో ఆగాడు. "పంట్లాం మాట మాటే. కాకపోతే ఈసారి నడుం నాది కొలవండి."

నలభై ఆరు.

రెండు వారాలకి వాడిన మిషన్ ఒకటి వచ్చింది. భార్య అమ్మేవాడి ఎదురుగా గంటసేపు దాన్ని ఆడించి, దాని జబ్బులన్నీ ఒక్కొక్కటే అడిగి రాసుకుని మరీ తెచ్చుకుంది. దారం తెగే జబ్బొకటుంది. అది ఆవిడకి ముందే తెలుసు.

పంట్లాం కోసం భారీ మనిషి పెద్దాయనలోనే వచ్చాడు. అదే బండరాయి ఎక్కించి ఆపాడు. పంట్లాం వేసుకుని చూసుకున్నాడు, రేట్లు పెరిగిపోయాయని కాసేపు మాట్లాడాడు, టీ తాగాడు. గంట గడిచినా బండి నిటారుగానే ఉంది. దర్జీ అద్దంలోంచి చూస్తూ, "ముప్పై మూడు" అన్నాడు తనలో తాను.

మిషన్ మీంచి తలెత్తకుండా భార్య అడిగింది.

"ఆయనదా, బండిదా?"