నీళ్ళు తాగని పంతులమ్మ

తెల్లవారుజామున ఇంటిల్లిపాదికీ గ్లాసుల నిండా కాఫీ కలిపి, తనకి మాత్రం రెండు గుక్కలు పోసుకోవడం ప్రసూనాంబకి పదేళ్ళ అలవాటు. కాఫీ అంటే ఇష్టం లేక కాదు. ఏడింటికి నందిగామలో బస్సెక్కితే సాయంత్రం ఆరింటికి మళ్ళీ గడప తొక్కేదాకా పెరట్లోకి వెళ్ళే వీలుండదు. ఆమె సైన్సు చెప్పే జగ్గయ్యపేట హైస్కూల్లో మగపంతుళ్ళకి గోడ వెనక ఉంది, మగపిల్లలకి ఊరంతా ఉంది, ఉన్న ఒక్క పంతులమ్మకీ పదకొండుమంది ఆడపిల్లలకీ మాత్రం ఏమీ లేదు. చేరిన కొత్తలో ఒకసారి ధైర్యం కూడదీసుకుని ఈ సంగతి భర్తతో అంది. తాలూకా కచేరీలో గుమాస్తా అయిన బాలసుబ్రహ్మణ్యం పేపరు మీంచి తల ఎత్తకుండా, "అవన్నీ హెడ్మాస్టరుతో మాట్లాడే మాటలా? రేపు నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఉద్యోగం చేసే ఆడది ఒళ్ళు స్వాధీనంలో ఉంచుకోవాలి మరి" అన్నాడు. ఒళ్ళు స్వాధీనంలో ఉంచుకోవడమంటే ఏమిటో ఆయనకి తెలియాల్సిన అవసరం రాలేదు. ఆయన కచేరీ వెనక పెద్ద దిబ్బ ఉంది.

ఆ రోజు నుంచీ ప్రసూనాంబ నీళ్ళు మానేసింది. పొద్దున చిన్న గ్లాసుడు, మళ్ళీ ఇంటికొచ్చాకే. ఏడాదికి నాలుగైదుసార్లు పొత్తికడుపులో పోటు, మంట, చలిజ్వరం. "వేడి చేసిందే, సబ్జా నీళ్ళు తాగు" అని అత్తగారు గ్లాసు అందించేది. అవీ నీళ్ళేగా, సాయంత్రం దాకా ఆగాల్సిందే. మింగలేక కక్కలేక రోజులు వెళ్ళదీసింది సరే, పోనుపోను ఆ బాధ చుట్టూ ఒక గర్వం కూడా పెరిగింది, అదీ విచిత్రం. మండుటెండలో మగపంతుళ్ళు కూజా దగ్గర మూగుతుంటే తను పెదవి తడుపుకోకుండా మూడు క్లాసులు వరసగా చెప్పగలదు. ఏటా జూన్‌లో కొత్తగా చేరిన ఆడపిల్లల్ని వరండా చివరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పేది. "పొద్దున ఒక్క గ్లాసు. మళ్ళీ ఇంటికెళ్ళాకే. నన్ను చూడండి. అలవాటైతే దాహమే వెయ్యదు." పిల్లలు బుద్ధిగా తల ఊపేవాళ్ళు.

పందొమ్మిదివందల అరవై ఒకటి మార్చిలో, బెజవాడ లైబ్రరీలో చదివిన ఒక ఇంగ్లీషు పత్రికలోంచి ఆమె తొమ్మిదో తరగతికి పుస్తకంలో లేని పాఠం ఒకటి చెప్పింది. సముద్రం మీద బతికే పక్షులకి తాగడానికి మంచినీళ్ళు ఉండవు. ఉప్పునీళ్ళే తాగుతాయి. ఆ ఉప్పంతా బయటికి పంపడం వాటి మూత్రపిండాల వల్ల కాదు. మరి ఎలా బతుకుతున్నాయి? కళ్ళకి పైన, ఎముక గుంటల్లో రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. నెత్తురులో ఉప్పు పెరగగానే అవి మేలుకుని, ఆ ఉప్పుని తోడేస్తాయి. సముద్రం కంటే ఉప్పగా ఉండే ఆ నీరు ముక్కురంధ్రాల్లోంచి కారి ముక్కు కొసన బొట్టు కడుతుంది. పక్షి తల విదిలిస్తే రాలిపోతుంది. ఈ సంగతి శాస్త్రజ్ఞులు కనిపెట్టి నిండా నాలుగేళ్ళు కాలేదని చెబుతుంటే ప్రసూనాంబకే ఒళ్ళు పులకరించింది. సముద్రం మొహం చూడని పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. వెనక బల్ల మీంచి పుష్పవతి లేచింది. ఊరికి రెండు మైళ్ళ అవతలి పల్లె నుంచి నడిచివచ్చే రైతుబిడ్డ, తెలివైంది.

"ఆ గ్రంథి లేకుండా పుట్టిన పిట్ట ఉంటే ఏమయిద్దండి?"

"ఏముంది, ఎండి చస్తుంది" అంది ప్రసూనాంబ నవ్వుతూ. క్లాసంతా నవ్వింది. పుష్పవతి ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కూర్చుంది.

సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, పల్లె దారి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది ప్రసూనాంబ. పరీక్షలు దగ్గరపడ్డాయి, పెళ్ళి పేరుతో గానీ మాన్పించేస్తున్నారేమో, నాలుగు చీవాట్లు పెడదామనే వెళ్ళింది. పుష్పవతి నులకమంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. పెదాలు బీటలు వారాయి. తల్లి పున్నమ్మ గాభరాగా పీట వాల్చింది.

"మీరింత దూరం వచ్చారా పంతులమ్మగారూ. ఒకటే జొరమండి. పోసుకునేప్పుడు మంటని ఏడుస్తంది. డాక్టరుగారు చూసి లోపల చీము పట్టిందన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగితే మూత్రపిండాలకే ఎసరంటండి. నీళ్ళు బాగా పొయ్యమన్నారు. ఇది తాగితేగా. పంతులమ్మగారు వద్దన్నారంటది. మీ మీద అంత గురండి దీనికి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది ప్రసూనాంబకి. తిట్టినా, శాపనార్థాలు పెట్టినా తట్టుకునేది. కృతజ్ఞత తట్టుకోలేకపోయింది. తలకొట్టేసినట్టయి మంచం పట్టె మీద కూర్చుని, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. చెయ్యి కాలింది.

"ఇంట్లో కూడా ఎందుకు తాగలేదమ్మా?"

"అలవాటు అవుద్దేమోనని" అంది పుష్పవతి. తప్పు ఒప్పుకుంటున్నట్టు మెల్లగా అంది. "మీకు దాహం వెయ్యదన్నారు గదండి. ఆ పిట్టలకి మల్లే మీకు ఉందేమో, నాకే లేదేమో అనుకున్నా."

పదేళ్ళుగా సిగ్గు సిగ్గు అని తను దాచుకున్నదంతా ఇప్పుడు చూస్తే సిగ్గే కాదు. అసలు సిగ్గు ఇదిగో, పద్నాలుగేళ్ళ ఒంటితో మంచం మీద పడి ఉంది. సైన్సు చదివిన మనిషి, మూత్రపిండం బొమ్మ కళ్ళు మూసుకుని వెయ్యగల మనిషి, పిల్లలకి నేర్పింది ఇదా. భర్త తనతో అన్న మాటనే తను ఏటేటా వరండా చివర నిలబడి, అమ్మలాగా గొంతు తగ్గించి, వీళ్ళకి అప్పజెప్పింది. గోడ వెనక నిలబడే మగవాళ్ళలో ఒక్కడైనా ఈ పిల్లకి నీళ్ళు తాగొద్దని చెప్పలేదు. చెప్పింది తను.

"నాకూ లేదమ్మా" అంది. "మనిషి పుట్టుక పుట్టినవాళ్ళెవరికీ లేదు. నాకూ దాహం వేస్తుంది. నాకూ నీలాగే మంట వస్తుంది, జ్వరం వస్తుంది. మీకు చెప్పకుండా దాచాను."

పున్నమ్మ తెచ్చిన చెంబులోంచి చిన్నగ్లాసుతో గుక్క గుక్కగా తాగించింది. మూడు గ్లాసులు తాగి పిల్ల కళ్ళు మూసుకుంది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర బాలసుబ్రహ్మణ్యం అంతా విని, "పరాయి వాళ్ళింట్లో కూర్చుని ఈ మాటలన్నీ మాట్లాడొచ్చావా? ఛీ" అన్నాడు. ప్రసూనాంబ ఆయనకి చారు వడ్డించింది.

మర్నాడు రెండో పీరియడ్ గంట కొట్టగానే ఆమె క్లాసు క్లాసుకీ వెళ్ళి మిగిలిన పదిమంది ఆడపిల్లల్నీ బయటికి పిలిచింది. కూజా దగ్గరికి తీసుకెళ్ళి అందరిచేతా తలా ఒక గ్లాసు తాగించి, తనూ తాగింది. పంతుళ్ళు చూపులు తిప్పుకున్నారు. హెడ్మాస్టరు ఉమాకాంతంగారి ఇల్లు బడి ప్రహరీని ఆనుకునే ఉంది. ఆ దొడ్లో మరుగుదొడ్డి ఉందని అందరికీ తెలుసు. అడిగితే ఆయన భార్య కాదనదని కూడా తెలుసు. పదేళ్ళలో ఆ ఒక్క మాటా నోటికి రాలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని, మగపిల్లలు ఆడుతున్న మైదానానికి అడ్డంగా, పట్టపగలు నడిచింది. సిగ్గుతో చెవులు కాలిపోతూనే ఉన్నాయి. వరండాలో నలుగురు పంతుళ్ళతో మాట్లాడుతున్న ఉమాకాంతంగారు వాళ్ళని చూసి మెట్లు దిగివచ్చారు.

"ఎక్కడికమ్మా పిల్లల్నేసుకుని?"

"ఒంటికండి" అంది ప్రసూనాంబ, మైదానంలో ఉన్న వాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా. "మీ ఇంటికే వస్తున్నాం. బళ్ళో కట్టించేదాకా రోజూ రెండుసార్లు వస్తాం."