ఎర్ర దారం కట్టిన కేళీలు

మూడేళ్ల నా పరిశోధన అంతా పదకొండు పొట్టి వరి మొక్కల్లో ఉంది. మంచిర్యాలలో అవ్వకు కంటి ఆపరేషన్ చేయించి, రెండు రోజులకు కరీంనగర్ తిరిగొచ్చేసరికి మడిలో అవి ఒక్కటీ లేవు. పొడుగు మొక్కలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

రిబ్కమ్మ పెద్దమ్మ గట్టు మీద చేతులు కడుక్కుంటోంది. మా చర్చి మనిషే. మడి పనికి నేనే కుదుర్చుకున్నాను.

"అన్ని తీసేసిన గ్రేస్ బిడ్డా. ఒక్క కేళీ ఉంచలే," అంది, నేను మెచ్చుకుంటానని చూస్తూ.

ఇరవై ఏళ్లు ఆమె విత్తన వరి పొలాల్లో పనిచేసింది. అక్కడ తేడాగా పెరిగిన మొక్క కేళీ. సూపర్‌వైజర్ దానికి దారం కడతాడు, వెనకాల వచ్చే ఆడవాళ్లు వేళ్లతో సహా పీకేస్తారు. నేనేమో గుర్తుంటుందని నా పొట్టి మొక్కలకు ఎర్ర దారం కట్టి పోయాను.

"ఏడ పడేసినవ్ పెద్దమ్మా?" అరిచాను.

"బర్రెకేసిన. ఎదగనియ్యే గదా, ఎందుకు పరేషాన్ అయితవ్?"

సోమవారం వాటి ఆకులు పరీక్షకు పంపాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. ఆమెను తిట్టబోయాను. కానీ తిట్టాల్సింది నన్నే. ఈ పొట్టివి ఎందుకని ఆమె ముందే అడిగింది. తర్వాత చెప్తా అన్నాను. అలసిపోయి ఉన్నాను. నేనెప్పుడూ అలసిపోయే ఉంటాను.

పక్కన కూలబడి చెప్పాను. ప్రతి మొక్కలో స్టెరాల్ అని కొవ్వులాంటిది తయారవుతుంది. కణాల పొరలకు అదే బలం, మొక్కను పెంచే ఒక హార్మోన్ కూడా దాన్నుంచే పుడుతుంది. దాన్ని తయారుచేసే ఎంజైముల్లో ఒకటి ఆ పదకొండింట్లో పనిచేయదు. అది లేక ఏమేం ఆగిపోయాయో చూస్తేనే, అది చేసే పనేమిటో తెలుస్తుంది.

"ముందుగాల చెప్తే కంటికి రెప్పలెక్క చూస్తుంటి గదనే!" పెద్దమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇగ గవి రావా?"

"పొడుగు వాటిల్ల కొన్నిట్ల గా లోపం దాగి ఉంటది. వాటి గింజలు నాటితే నాలుగింట్ల ఒకటి పొట్టిది మొలుస్తది."

"ఎన్ని రోజులైతది?"

"ఇంకో పంటకాలం."

ఇదంతా ఆమెకు చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది.