మాహిన్ ఆంటీ టైపు మిషను

తొంభైల్లో విఠల్ పరాయి దేశం పోయి క్లేటన్ అనే ఊళ్ళో చదువుకుంటున్నప్పుడు పక్కింట్లో మాహిన్ ఆంటీ ఉండేది. ఇరాన్‌లో నవలలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి. విప్లవం వచ్చాక పుస్తకాలు నిషేధించారు, ఇల్లు లాక్కున్నారు. ఫార్సీ అక్షరాల టైపు మిషను ఒక్కటి చంకనబెట్టుకుని దేశం దాటింది. ఇక్కడ కొత్త నవల మొదలుపెట్టింది. పొద్దస్తమానం టకటకలే. ఆ చప్పుడు లేనిదే విఠల్‌కు మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు.

ఒకరోజు ఆవిడ టీకి పిలిచింది. విఠల్ నోరు ఊరుకోదు కదా!

"ఎంత బాగుంది ఆంటీ మీ మిషను!" అన్నాడు ఇంగ్లీషులో.

"నీకన్నా ఎక్కువా? తీసుకో బాబూ."

వాళ్ళ దేశంలో అదొక మర్యాద. ఎవరైనా మెచ్చుకుంటే ఆ వస్తువు నీదే అనాలి, అవతలివాడు ఎన్నిసార్లయినా వద్దనాలి, ఇద్దరూ నవ్వుకుని టీ తాగాలి. విఠల్‌ది నిజామాబాదు మర్యాద. పెద్దవాళ్ళు ఇచ్చేదాన్ని రెండుసార్లు వద్దనొచ్చు, మూడోసారీ వద్దంటే పొగరంటారు. ఆంటీ మూడోసారి తీసుకోమంది. ఇంకేముంది, ఆ ఇనుప బరువును గుండెకు హత్తుకుని ఇంటికి మోసుకొచ్చాడు. "జాగ్రత్త, బరువు," అంది ఆంటీ వెనకనుంచి, పాపం.

మర్నాటి నుంచి టకటకలు ఆగి పళ్ళేలు మొదలయ్యాయి. ఆవిడ కుంకుమపువ్వు అన్నం తెచ్చి, "మిషను క్షేమమా?" అనేది. "క్షేమం ఆంటీ," అనేవాడు. ఖాళీ పళ్ళెం తిరిగివ్వకూడదు కనుక పులిహోర పెట్టి పంపేవాడు. ఆవిడా ఖాళీగా ఉంచే రకం కాదు. కొన్నాళ్ళకు రూమ్మేటు నరసింహకు ప్యాంటు గుండీ పట్టలేదు.

"మీ నవల ఎంతదాకా వచ్చింది ఆంటీ?" అనడిగాడోసారి విఠల్, పళ్ళెం అందుకుంటూ.

"హీరో సరిహద్దు దగ్గర నిలబడ్డాడు. ఇంకా నిలబడే ఉన్నాడు," అనేసి వెళ్ళిపోయింది.

నరసింహ నెత్తి కొట్టుకున్నాడు. "అరే విఠల్, ఆమె రాస్కునేదే దానిమీదరా! మాటవరసకు తీస్కొమ్మంటే ఎత్తుకొస్తవా? ఫార్సీ మిషన్ ఈ దేశంల యాడ దొరుకుతదిరా ఆమెకు?"

"పెద్దామె ఇచ్చింది వాపస్ ఇస్తే ఫీల్ గాదా?"

"నవల ఆగితే ఫీల్ గాదా?"

విఠల్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మిషనెత్తుకుని పక్కింటికి పరుగెత్తాడు.

"ఇది మీదే ఆంటీ."

"అయ్యో, ఇచ్చింది మళ్ళీ తీసుకుంటానా!"

"తీసుకోండి ఆంటీ."

"వీల్లేదు బాబూ."

ఇలా గుమ్మంలో ఇద్దరి మర్యాదలూ కలబడ్డాయి. మధ్యలో విఠల్ చేతులు పడిపోతున్నాయి. చివరికి ఏడుపొచ్చింది. "నాకు తెలియలేదు ఆంటీ. మీరు నిజంగానే ఇచ్చారనుకున్నాను. క్షమించండి."

ఆంటీ మిషను మీటలను వేలితో తడిమింది. తర్వాత నవ్వింది.

"బాబూ, నా ఇల్లు తీసుకున్నవాళ్ళు ఒక్కసారైనా వద్దనలేదు. నువ్వు రెండుసార్లు వద్దన్నావు."

తీసుకుంటానని మాత్రం అనలేదు. తలుపు బార్లా తెరిచి, పక్కకు జరిగి నిలబడింది.