గద్దె మీది ఎండ

మంగళవారం సీత్లా భవాని పండుగ. ఆలోపు తండాలో కావాల్సిన పనులు చాలానే ఉన్నాయి. అమ్మవారిగా కొలిచే ఏడు రాళ్లను కడిగి పసుపు పూయాలి. గద్దె చుట్టూ గడ్డి చెక్కాలి. గుగ్గిళ్లకు జొన్నలు, శనగలు నానబెట్టాలి. ఎడ్లను, ఆవులను కడిగి కొమ్ములకు రంగు వేయాలి. డప్పులవాళ్లకు కబురు పెట్టాలి. మేకపోతును చూడాలి. పామును చంపాలి.

తండా నాయకుడు రెడ్యా ఆ చివరి పనిని కూడా మిగతావాటిలాగే చెప్పాడు. గొంతు మారలేదు. మిగతావన్నీ తలా ఒకరికి పంచి, దాన్ని మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు.

"అది నాకు ఇడిసిపెట్టు పెద్దబాపూ. కడుపుతోనున్న పాము," అంది యమున.

అందరూ ఆమె వైపు తిరిగారు. యమున రెడ్యా తమ్ముడి బిడ్డ. కొడకండ్ల దగ్గరి ఆ తండాలో డిగ్రీ పాసైన మొదటి మనిషి. మహబూబాబాద్‌లో చదువుకుని, ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గుబావుల క్వార్టర్ల చుట్టుపక్కల పాములు ఎక్కడ తిరుగుతాయి, ఏం తింటాయి అని పరిశీలించే బృందంలో పని చేస్తోంది. పండుగకని సెలవు పెట్టి వచ్చింది.

తల్లి సోమ్లీ నెత్తి కొట్టుకుంది. "పెండ్లికి పిలగాన్ని చూస్త అంటే వద్దంటది. పాముకు కాన్పు చేస్తదట!"

"కాన్పు అదే చేసుకుంటది యాడీ," అంది యమున. తల్లిని వాళ్ల భాషలో అలాగే పిలుస్తుంది. "మనం కాళ్లకు అడ్డం రాకుంటే సాలు."

జనం నవ్వారు. రెడ్యా నవ్వలేదు.

అతను నవ్వకపోవడానికి కారణం తండాలో అందరికీ తెలుసు. అది రక్తపింజర, గుడ్లు కాక నేరుగా పిల్లలనే కనే విషపు పాము. రెండేళ్ల కింద పత్తిచేన్లో కలుపు తీస్తుండగా రెడ్యా భార్య తారిని కరిచింది అదే జాతి పాము; ఆమె బతకలేదు. సీత్లా పండుగకు ఏడు రాళ్లను కడిగేది, మొదటి పాట ఎత్తుకునేది తారే. ఆమె పేరు నిలవాలని రెడ్యా ఈ ఎండాకాలం రాళ్ల ముందు సిమెంటు గద్దె కట్టించాడు. తడి సిమెంటు మీద తన వేలితోనే తారి పేరు రాశాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ పేరు మీద రక్తపింజర చుట్ట చుట్టుకుని పడుకుంటోంది.

"సోమారం పొద్దుగాల దాంక టైమిస్తున్న," అన్నాడు రెడ్యా. "మంగళారం పిల్లలు ఉత్త కాళ్లతోని వస్తరు. అప్పటికి గా పాము ఆడ ఉంటే, నా కట్టె ఉంటది."

యమున భూపాలపల్లికి ఫోన్ చేసింది. పాములు పట్టడంలో చెయ్యి తిరిగిన యుగేందర్ ఆమెతోనే పని చేస్తాడు.

"పట్టుడు పెద్ద పని కాదు చెల్లె," అన్నాడు. "కానీ నెలలు నిండిన దాన్ని సంచిల ఏసుకొని గీ గుంతల రోడ్ల మీద తెస్తే పిల్లలు దక్కయి. ఇంకో మాట. ఆ జాగ గట్లనే ఉంటే ఇంకోటి వస్తది. ఎందుకొస్తుందో ముందుగాల చూడు. ఏం జేసినా కదలకపోతే ఒక్క ఫోన్ కొట్టు, నేనొస్త."

యమునకు వెంటనే ఒక సంగతి తోచింది. మొక్కులవాళ్లు గద్దె మీద చల్లిన గింజలకు ఎలుకలు వస్తున్నాయి. ఎలుకల కోసం పాము వస్తోంది. లెక్క సరిపోయింది. శనివారం మధ్యాహ్నం గద్దెనంతా ఊడ్పించి, గింజ అన్నది లేకుండా చేయించింది. రేపటి నుంచి రాదని తల్లికి ధీమాగా చెప్పింది కూడా.

ఆదివారం పొద్దున పాము వచ్చింది.

యమున చాలా దూరంగా, ఎత్తుగా ఉన్న గట్టు మీద కూర్చుని చూసింది. గద్దె పక్క నుంచే పాత రాళ్ల గోడ ఒకటి రెడ్యా బీడు దాకా పోతుంది. ఆ గోడ సందులోంచి పాము మెల్లగా బయటికి వచ్చింది. నడుము కింద ఒళ్లంతా ఉబ్బి ఉంది. గద్దె మీద ఎండ పడిన చోట శరీరాన్ని చపాతీలా పలచగా పరుచుకుంది. అంతలో, ఊడ్చిన గింజలు ఏమైపోయాయో వెతుక్కుంటూ కాబోలు, ఒక ఎలుక గద్దె ఎక్కింది. పాము మూతి ముందు నుంచే పోయింది. పాము నాలుక ఒకసారి ఆడించి ఊరుకుంది.

యమున తన నెత్తి మీద తనే ఒకటి మొట్టుకుంది. నెలలు నిండిన రక్తపింజర తిండి దాదాపు మానేస్తుందని ఆమెకు తెలియదా? భూపాలపల్లిలో ఎన్నింటిని చూసింది! లోపల పిల్లలు పెరగడానికి దానికి కావాల్సింది వెచ్చదనం. దొరికిన ఎండనల్లా ఒంటికి పట్టిస్తుంది. అది ఎలుకల కోసం రాలేదు, ఎండ కోసం వచ్చింది.

మరి ఇన్నేళ్లలో ఎప్పుడూ రానిది ఇప్పుడే ఎందుకు వచ్చింది? యమున గద్దె వంక చూసింది. చిన్నప్పుడు తారి పెద్దమ్మ వెంట ఇక్కడికి వస్తే ఆ ఏడు రాళ్లు చల్లగా ఉండేవి. ఎండలో నడిచొచ్చిన కాళ్లను వాటి పక్క మట్టిలో పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది. పైన వేపచెట్టు అంత దట్టంగా ఉండేది. ఇప్పుడు తూర్పు వైపు కొమ్మలే లేవు. నరికిన చోట్ల మొద్దులు తెల్లగా కనబడుతున్నాయి.

పాము గోడలోకి పోయాక ఆమె నేరుగా రెడ్యా ఇంటికి వెళ్లింది.

"కొమ్మలు నువ్వే కొట్టించినవా పెద్దబాపూ?"

"అవు. రోడ్డు మీదికెల్లి చూస్తే తారి గద్దె కనవడాల్నని."

"అందుకే వస్తుంది. నీడ పోయింది, పొద్దటి ఎండ సక్కగ గచ్చు మీద పడుతుంది. కడుపుతోనున్న పాముకు అంతకంటె ఏం గావాలె?"

రెడ్యా నులక మంచం పట్టె మీద వేలితో గీతలు గీశాడు.

"అంటే గా పామును నేనే పిలుసుకొచ్చిన్నంటవు."

"నువ్వే పంపొచ్చు గూడ. గద్దె మీద పందిరి ఏద్దాం. నీ బీడుల రాళ్లకుప్ప మీద కంప కొట్టేస్తే అక్కడ ఎండ పడ్తది. ఆ గోడెంబడి అదే పోతది."

"నా బీడుల దానికి జాగ ఇయ్యాల్నా?" రెడ్యా లేచి నిలబడ్డాడు. "నా ఇంటి మనిషిని మింగిన జాతికి?"

యమునకు భయం వేయలేదు. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సిందేనని ఆమెకు తెలుసు.

"పెద్దమ్మను పాము కరిసింది. కానీ పసరు పోసేటోని ఇంటి ముంగట పొద్దంత పోయింది. సీదా దవాఖానకు పోతే సూది ఉండె. గది నీకూ ఎరుకే, నాకూ ఎరుకే. దీన్ని సంపితే ఇదొక్కటి పోతది. ఎండ పోదు. వచ్చే ఏడు గదే గద్దె మీద ఇంకోటి పండుకుంటది."

బావకు కూర తెచ్చి వంటింటి గడపలో నిలబడ్డ సోమ్లీ గిన్నె కింద పెట్టేసింది. రెడ్యా ముందు ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు.

అతను మూలన ఉన్న గొడ్డలి తీసుకున్నాడు. "నడువు," అన్నాడు. "కంప బాగ పెరిగింది. నీతోని ఒక్కదానితోని కాదు."

పాము గోడలో ఉండే ఎర్రటెండ వేళ చూసి పని మొదలుపెట్టారు. మోకాళ్ల దాకా గంబూట్లు వేసుకున్నారు. గోడ జోలికి పోలేదు. రెడ్యా కంప కొట్టి, రాళ్లకుప్ప మీద ఎండ పడేలా చేశాడు. వెడల్పు బండలు రెండు పైన పరిచాడు. గద్దె చుట్టూ నాలుగు గుంజలు పాతి, తాటాకులు, వేప మండలు కప్పారు. పొద్దుగూకేసరికి గద్దె మీద మళ్లీ పాత నీడ వచ్చింది.

సోమవారం పొద్దున రెడ్యా కట్టె పట్టుకునే వచ్చాడు. యమున వద్దనలేదు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు.

పాము వచ్చింది. గద్దె ఎక్కింది. నీడలో చుట్ట చుట్టుకుంది. రెడ్యా చెయ్యి కట్టె మీద బిగిసింది.

"జర ఆగు," అంది యమున.

పాము తల ఎత్తి నాలుక ఆడించింది. చుట్ట విప్పి అటూ ఇటూ జరిగింది. చల్లటి గచ్చు దానికి నచ్చలేదు. కాసేపటికి గద్దె దిగి గోడ సందులో దూరింది. తర్వాత ఎంతకీ కనబడలేదు. రెడ్యా రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ యమున అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఎండ ముదురుతుండగా బీడులో రాళ్లకుప్ప దగ్గర ముందు తల, తర్వాత బరువైన ఒళ్లు బయటికి వచ్చాయి. వెడల్పు బండ మీద అది నిండుగా పరుచుకుంది.

రెడ్యా కట్టెను పక్కన పెట్టాడు.

"తారి గూడ గట్లనే ఉండె," అన్నాడు. "పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు బువ్వ పెడితే మూతి తిప్పుకుంటుండె. పొద్దున లేస్తే వాకిట్ల ఎండకు కూసుంటుండె. లోపలికి రావే అంటే రాకపోతుండె."

మంగళవారం బీడు వైపు తాడు కట్టి, దానికి ఎర్రగుడ్డలు వేలాడదీశారు. అటు ఎవరూ పోకుండా రెడ్యా తనే నిలబడ్డాడు. డప్పులు మోగాయి. గుగ్గిళ్లు చల్లుతుంటే పశువులు రాళ్ల ముందు నుంచి దాటాయి. పిల్లలు ఉత్త కాళ్లతో పందిరి నీడలో గంతులేశారు. మొదటి పాట సోమ్లీ ఎత్తుకుంది. పాట అయ్యాక రెడ్యా అందరినీ ఆపి ఒకే మాట చెప్పాడు: "ఎవలనన్న పాము కరిస్తే పసరు లేదు, మంత్రం లేదు. నా బండి వాకిట్లనే ఉంటది. సీదా దవాఖాన."

వానలు పడ్డాక అతను యమునకు ఫోన్ చేశాడు. "కాన్పయింది బిడ్డా. పిల్లలు ఎటువి అటు పోయినయి. కలుపుకు పోయేటోళ్లందరికి గంబూట్లు తొడిగిచ్చిన. మీ యాడి తొడుగనంటే కొట్లాడిన."

ఆ తండా మీదుగా ఎప్పుడైనా పోతే, రోడ్డు మీది నుంచి ఆ గద్దె మీకు కనబడదు. పందిరి అడ్డం ఉంటుంది. అయినా ఒక్క క్షణం ఆగండి. ఆ నీడలో సిమెంటు మీద వేలితో రాసిన పేరు ఒకటుంది. మీ ఇంట్లోనో మీ చేన్లోనో ఎవరినైనా పాము కరిచి, ఎటు తీసుకుపోవాలా అని నలుగురూ నాలుగు మాటలు చెప్పే వేళ ఆ పేరును తలుచుకోండి. ఆమె పేరు తారి.