క్యాప్సికం మొక్కలు పీకమన్న రోజు

"పచ్చిమిరప పక్కన నాటొద్దని అమ్మ చెప్తూనే ఉంది. చూడు, క్యాప్సికం కూడా కారమెక్కిపోయింది. సాయంత్రానికి ఆ మొక్కలు పీకేయ్," అంటూ దుర్గాప్రసాద్ కంచం పక్కకి నెట్టేశాడు.

మమత అతనికి మజ్జిగ పోసింది. కాపురానికి వచ్చిన ఈ పదకొండేళ్లలో ఎన్ని కంచాలు అలా పక్కకి జరిగాయో ఆమెకే తెలుసు. "మా కోడలికి ఉప్పూకారం పాళ్లు తెలీవండీ" అని అత్తగారు రాజ్యలక్ష్మి చుట్టాల ముందు నవ్వుతూ అంటే, మమత కూడా నవ్వేసేది. చుట్టాలు వెళ్లాక పెరట్లో గిన్నెలు తోముతూ, తన నాలుకలోనే ఏదో లోపముందేమో అనుకునేది. కొబ్బరిచెట్ల మధ్య కాస్త ఎండ పడే చోట, కొత్తపేట నర్సరీలో కొన్న నారుతో పెంచిన ఆ ఆరు మొక్కలూ విరగ్గాశాయి. ఆఖరికి అవీ తన వల్లే చెడిపోయాయా?

పీకబోతూ, మనసొప్పక నర్సరీ నడిపే హేమకి ఫోన్ చేసింది.

"కాయ మారదండీ," అంది హేమ. "పుప్పొడి కలిసినా తేడా గింజలోనేనండీ. ఆ గింజ నాటితే వచ్చే మొక్కకి కారం కాయలు కాయొచ్చు. ఇప్పుడున్న కాయకి ఏమీ కాదు. కొరికి చూడండి."

మమత ఒక కాయ తెంపి కొరికింది. తియ్యగా ఉంది. ఇంకో మొక్కది కొరికింది. అదీ తియ్యనే. మరి కూరకి అంత కారం ఎక్కడిది? తను వేసింది అరచెంచానే.

వంటింట్లోకి వచ్చేసరికి రాజ్యలక్ష్మి, పొయ్యి మీది పులుసు మూత తీసి, చెంచా నిండా కారంతో నిలబడి ఉంది.

"అదేంటండీ అత్తయ్యగారూ?"

"నీ వంట చప్పగా ఉంటదమ్మా. నువ్వొచ్చిన కాణ్ణించీ నేనే సద్దుతున్నాను."

"రోజూనా అండీ?"

"ఆఁ, రోజూ."

ఆవిడ ముఖంలో కపటమేమీ లేదు. మమతకి ముందు కోపం రాలేదు. గుండెల మీంచి ఏదో పెద్ద బరువు దిగిపోయినట్టయింది. ఆవిడ చేతిలోని చెంచా అందుకుని, అత్తగారికి విడిగా ఓ గిన్నెలో పులుసు తీసి, కారం డబ్బా ఆ పక్కన పెట్టింది.

దుర్గాప్రసాద్ వస్తూనే అడిగాడు. "పీకేశావా?"

"లేదండీ. పీకను." జరిగింది చెప్పింది.

అతను తల్లి వైపు చూశాడు. "అవును, నేనే వేసేనురా," అందావిడ.

"పోన్లే," అన్నాడతను ఇబ్బందిగా. "చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమెందుకు?"

"పదకొండేళ్లు నా తప్పయినప్పుడు చిన్నది కాలేదు కదండీ," అంది మమత. అందరికంటే ముందు తను వడ్డించుకుని కూర్చుని, పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

కమ్మగా ఉంది.