ఇంటికొక్క టోకెన్

ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు, నాకు మా తోడికోడలు విజయదుర్గంటే కుళ్ళు. అది ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ కుళ్ళే. తను పచ్చగా ఉంటుంది, నేను నల్లగా ఉంటాను. తను ఇంటర్ చదివింది, నేను ఆరో తరగతిలో ఆపేశాను. మా మరిది రాజేంద్రప్రసాద్ మలికిపురం వెళ్ళొస్తూ పెళ్ళానికి మల్లెపూలు తెచ్చేవాడు. మా ఆయన బుల్లబ్బాయిగారు అంబాజీపేట వెళ్ళొస్తూ ఆ రోజు కొబ్బరి ధర చెప్పేవారు. ఇంకేం చెప్పను!

నాకున్నదల్లా పెద్దరికం ఒక్కటే. మా అత్తగారు ఆదిలక్ష్మిగారు పెట్టిన పద్ధతి అది. ఈ ఇంట్లో ఏదైనా ముందు పెద్దకోడలికి. చీరల మూట విప్పితే మొదటి చీర నేను తీసుకోవాలి. పేరంటంలో మొదటి బొట్టు, వ్రతంలో మొదటి వాయినం నాకే. అత్తగారు పోయినా ఆ పద్ధతిని నేను పోనివ్వలేదు.

రెండువేల నాలుగులో మలికిపురానికి ఏదో ఆసుపత్రి వాళ్ళ వ్యాను వచ్చింది. రాజోలు కాలేజీలో దుర్గతో చదువుకున్న స్టెల్లా అనే నర్సు ఆ కబురు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"నలభై దాటిన ఆడోళ్ళకి రొమ్ము ఫొటో తీస్తారండి. మామోగ్రాం అంటారు. చేతికి తగలనంత చిన్న గడ్డయినా అందులో కనపడుద్దండి. టోకెన్లు తక్కువొచ్చేయని ఇంటికొక్కటే ఇమ్మన్నారండి. ఇదిగో దుర్గా, ఇది నీకు."

దుర్గకట! పక్కనే కూర్చుని పప్పు ఏరుకుంటున్న మనిషిని నేను కనపడలేదు కాబోలు. ఒళ్ళు మండిపోయింది.

"ఏమ్మా, ఈ ఇంటికి పెద్దకోడలు చచ్చిందా?" అన్నాను.

స్టెల్లా కంగారుపడింది. "అబ్బే, అది కాదండి. దుర్గ వాళ్ళమ్మగారు ఆ జబ్బుతోనే పోయేరు కదండి. అలాంటోళ్ళు అశ్రద్ధ చెయ్యకూడదండి."

నాకు తెలియదా? దాని పుట్టిల్లున్న నగరం ఊళ్ళో ఆ చావుకి నేనూ వెళ్ళాను. పోయేనాటికి ఆవిడకి యాభై రెండేళ్ళు. అయినా పప్పు చేట పక్కన పెట్టి చెయ్యి చాపాను.

దుర్గ టోకెన్ నా చేతిలో పెట్టింది. "ఆయ్, అక్కయ్యే వెళ్తారులే స్టెల్లా. మీరు చూపించుకోండక్కయ్యా. నేను తర్వాత కాకినాడ వెళ్ళి తీయించుకుంటాను." ఇచ్చేటప్పుడు టోకెన్‌ని ఓ పట్టాన వదల్లేదు. చూశాను. చూసి కూడా తీసుకున్నాను.

వ్యానులో రెండు పలకల మధ్య పెట్టి నొక్కితే "అమ్మో" అన్నాను, అంతే. అంతలోనే అయిపోయింది. పది రోజులకి కాగితం వచ్చింది. ఏమీ లేదు, ఇకమీదట కూడా మానకుండా చూపించుకుంటూ ఉండాలి అని. ఆ కాగితం వీధంతా తిప్పి చూపించాను.

తర్వాత ఓ ఆదివారం అందరం భోజనాల దగ్గరుండగా దుర్గ కాకినాడ మాట ఎత్తింది.

"వదినకేమీ లేదన్నారు కదే," అన్నాడు మా మరిది. "మనింటికి ఆ జబ్బు లేదు. మళ్ళీ నీకెందుకు?"

"నిజమే," అన్నారు మా ఆయన మజ్జిగ పోసుకుంటూ. "ఓసారి చూపించేం కదా."

నూతిలో చెంబుడు నీళ్ళు పరీక్షకిస్తే నుయ్యంతా చూపించినట్టే అనుకున్నారు మగాళ్ళు. నేనలా అనుకోలేదు. నా పుట్టిల్లు కొత్తపేట, దానిది నగరం. ఒకింటి అన్నదమ్ముల్ని కట్టుకున్నామే గానీ నా రక్తం వేరు, దాని రక్తం వేరు. ఆ ఒక్క మాట నేను అనుంటే మర్నాడే కారు పిలిచేవాడు మరిది. కానీ ఆ కారులో పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాకినాడ తీసుకెళ్తాడే, హోటల్లో భోజనం పెట్టిస్తాడే! నా మొగుడు నన్ను ఏనాడు తీసుకెళ్ళాడని?

"అవును మరి, దేనికి దండగ," అన్నాను.

దుర్గ నా వైపు ఓసారి చూసి, తలొంచుకుని అన్నం కలుపుకుంది.

పద్నాలుగు నెలలు గడిచాక ఓ రోజు పొద్దున్నే స్నానాల గదిలోంచి నన్ను పిలిచింది. మొగుణ్ణి కాదు, నన్ను.

"అక్కయ్యా, ఇక్కడోసారి చెయ్యి పెట్టి చూడండి."

ఎడమ పక్క, చంక దగ్గర, రేగుగింజలా గట్టిగా తగిలింది. వెంటనే మరిదిని కేకేశాను.

ఆ రోజే కారులో కాకినాడ వెళ్ళాం. నేనూ ఎక్కాను. "కిందటేడు ఫొటో తీయించుంటే ఇంకా చిన్నగా ఉన్నప్పుడే దొరికేదేమోనమ్మా. ఇప్పుడు చంకలోకి పాకింది," అంది డాక్టరమ్మ. మా మరిది గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. నేను నేల చూపులు చూశాను.

ఎడమ రొమ్ము తీసేశారు. మందులకి మోకాళ్ళ దాకా ఉన్న జుట్టంతా ఊడిపోయింది. మరిది మంచం పక్కన కూర్చుని జావ తాగిస్తూ, ప్రతి గుక్కకీ మూతి తుడిచేవాడు. ఛీ, పాపిష్టిదాన్ని, అది చూసినప్పుడు కూడా నాకు కుళ్ళొచ్చింది. వంటింట్లోకి పోయి నెత్తి కొట్టుకుని ఏడ్చాను.

ఆ తర్వాతి శ్రావణంలో పక్కింటి రత్నం వ్రతం చేసుకుంటూ మమ్మల్ని పిలిచింది. నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నా దుర్గ వస్తానంది. బుగ్గలు పీక్కుపోయి, వేలెడు జుట్టు కనపడకుండా తల మీదుగా కొంగు కప్పుకుంది. బతుకుతుందో లేదో ఇంకో రెండేళ్ళు గడిస్తే గానీ చెప్పలేమన్నారు.

రత్నం అలవాటుగా వాయినం పట్టుకుని ముందు నా దగ్గరికే వచ్చింది. నేను వెనక్కి జరిగి దుర్గ భుజం పట్టుకుని ముందుకి తెచ్చాను.

"ముందు మా దుర్గకియ్యి," అన్నాను.

పేరంటాళ్ళందరూ నోళ్ళు తెరిచి చూశారు. ఇరవై రెండేళ్ళలో నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

దుర్గ నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఎప్పటి మర్యాదే.

"ఆ రోజు స్టెల్లా వచ్చినప్పుడు అనుండాల్సిందండి అక్కయ్యా, ఈ మాట," అంది నాకొక్కదానికే వినపడేలా. అని, వాయినానికి కొంగు పట్టింది.