ఆరాలత్త ఓట్ల వేట

ఇంటా బయటా అందరూ ఆమెను ఆరాలత్త అనేవారు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరోగాని సరిగ్గా పెట్టారు. కొత్తగా ఎవరైనా కాపురానికి దిగితే, సామాను తెచ్చిన లారీ వెనక్కి తిరిగేలోగా వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు ఆమెకు తెలిసిపోవాల్సిందే. ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నొప్పులు పడుతున్నవాళ్ళ చేత కూడా కబుర్లు చెప్పించిందంటే నమ్మాలి మరి!

ఊరి శివారులో ఆమె ఉండే మునిసిపల్ వార్డు చూస్తుండగానే పెరిగిపోయింది. నిన్నటి ఖాళీ స్థలం ఇవాళ ఆరంతస్తుల మేడ. ఒక్కో అంతస్తులో నాలుగైదు భాషలు వినిపిస్తాయి. లిఫ్టులో మాత్రం ఎవరూ ఏ భాషా మాట్లాడరు.

అక్కడి కౌన్సిల్ సీటుకి ఆరాలత్త మేనకోడలు నిలబడింది. పళ్ళ డాక్టరు. అవతలి పక్క సిమెంటు వ్యాపారి, పలుకుబడి ఉన్నవాడు. తగువంతా వార్డులో మిగిలిన ఆఖరి ఖాళీ స్థలం గురించి. డాక్టరమ్మ గెలిస్తే అక్కడ బడి, సిమెంటాయన గెలిస్తే షాపులు. ఉన్న ఒక్క బడిలో చోటు చాలక పిల్లలు మెట్లమీద కూర్చుని చదువుకుంటున్నారు. అది కళ్ళారా చూస్తూ కూడా షాపులే కావాలనేవాళ్ళకి ఏం చెబుతాం!

"ఇంటికి రెండు నిమిషాలే అత్తా. ఓటడగడం, వచ్చెయ్యడం. కూర్చోకు," అని మేనకోడలు ముందే బతిమాలుకుంది.

కూర్చోకుండా వస్తే ఆమె ఆరాలత్త ఎలా అవుతుంది? కాలికి బలపం కట్టుకుని మేడమేడా తిరిగింది, వెళ్ళిన ప్రతిచోటా కూర్చుంది. క్రేను నడిపేవాడికి ఎత్తంటే భయమని తెలుసుకుంది. రెండో అంతస్తు ముసలి దంపతులు ఒకే ఇంట్లో ఉంటూ ఫోన్లో పోట్లాడుకుంటారని తెలుసుకుంది. నాలుగో అంతస్తులో ఉండే బేకరీ పిల్ల, ఆమె ముద్దుగా కేకులమ్మాయి అని పిలిచే పిల్ల, పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఓటూ వేయలేదని విని ముక్కున వేలేసుకుంది.

"ఎప్పుడూ ఊళ్ళు మారడమే కదత్తా. జాబితాలో పేరెక్కేలోపే ఇల్లు ఖాళీ చేసేవాళ్ళం," అంది ఆ పిల్ల. ఆమెకు ఇక్కడి భాష కొత్త. అత్తా అనే మాట మాత్రం అన్నిటికన్నా ముందు నేర్చుకుంది.

ఆరాలత్త ఓ కాగితం మీద గడులు గీసి, డాక్టరమ్మ పేరు పక్కన టిక్కు ఎలా పెట్టాలో చూపించింది. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! లేస్తూ లేస్తూ, "లెక్కపెట్టే బల్ల దగ్గర నేనే ఉంటానే. నీ ఓటు ఏదో నాకెలా తెలుస్తుంది?" అని నవ్వింది. ప్రతి ఇంట్లోనూ లేచేటప్పుడు అదే మాట అంది. పైకి సరదాగానే అంది. ఎవరు ఎవరికి వేశారో తెలుసుకోవాలన్న దురద మాత్రం ఆమెకు నిజంగానే ఉంది.

లెక్కింపు ఆ పాత బడి హాల్లోనే జరిగింది. డాక్టరమ్మ తరఫున ఆరాలత్త, సిమెంటాయన తరఫున ఆయన బావమరిది, ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకసారి డాక్టరమ్మ ముందు, ఒకసారి సిమెంటాయన ముందు. అందరి తలప్రాణం తోకకొచ్చింది. ఆఖరి కట్ట అయ్యేసరికి సిమెంటాయన నాలుగంటే నాలుగు ఓట్లు పైన ఉన్నాడు. ఇక మిగిలినవి, అనుమానం వచ్చి పక్కన పెట్టిన కాగితాలు.

అధికారి మొదటిది ఎత్తి ఇద్దరికీ చూపించాడు. డాక్టరమ్మ పేరు పక్కన చక్కటి టిక్కు. ఆ టిక్కు పక్కనే, గుండ్రటి చేతిరాతతో మూడంకెలు.

"గుర్తు తప్ప ఇంకే రాత ఉన్నా చెల్లదు," అంటూ ఆ కాగితాన్ని అవతల పడేశాడు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

ఆరాలత్త ముందుకు వంగి ఆ అంకెలు చదివింది. అవి ఫ్లాటు నంబర్లు. ఇది క్రేను అబ్బాయిది. ఈ రెండూ ముసలి దంపతులవి, ఈ ఒక్క విషయంలోనే ఇద్దరూ ఏకమయ్యారు కాబోలు. ఆమెకు కనిపించాలని, ఆమె సంతోషించాలని, పాపం ఒక్కొక్కరూ ఒద్దికగా నంబరు రాసిపెట్టారు. కేకులమ్మాయి నంబరు కింద చిన్న పువ్వు కూడా వేసింది. అలాంటివి పదికి పైనే తేలాయి.

బావమరిది ముందుకు వంగాడు. "ఏంటండీ ఈ అంకెలు? మీరు ఇల్లిల్లూ తిరిగారుగా. ఎవరివో చెప్పండి, మేమూ తెలుసుకుంటాం."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి. చెబితే ఆ ఇళ్ళవాళ్ళు రేపటినుంచి ఎవరి కంట్లో పడతారో ఆమెకు తెలుసు.

"నాకేం తెలుసు బాబూ," అంది.

బడి పోయింది. బయట మెట్లమీద మేనకోడలి చెయ్యి పట్టుకుని, జరిగిందంతా చెప్పేసి, "నా నోటి దురదే నిన్ను ముంచిందే" అని ఆరాలత్త భోరుమంది. డాక్టరమ్మకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఏదీ పైకి రాలేదు. పక్కనే కూలబడింది.

అంతలో కేకులమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులకు అంటిన పిండి ఇంకా ఆరలేదు.

"అత్తా, నా ఓటు కనిపించిందా?"

"కనిపించిందమ్మా. పువ్వు కూడా చూశాను."

ఆ పిల్ల మొహం విప్పారింది. "మరి మనం ఎలా ఓడిపోయాం?"

"నాలుగు ఓట్లు తగ్గాయి," అంది డాక్టరమ్మ.

"నాలుగేనా? అయితే ఈసారి మా అంతస్తు మొత్తం చేత రాయిస్తా. అందరివీ అత్తకి కనిపించేలా."

ఆరాలత్త ఆ పిల్లను దగ్గరకు లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈసారి ఎవరికేశావో నాకు చెప్పకే తల్లీ," అంది. "నేను అడిగినా సరే, చెప్పకు."